రాయి దగ్గర పెట్టి వెళ్ళిన పేర్లు

మా తమ్ముడు గంగాధర్‌కు నాందేడ్‌లో సైకిళ్ళ దుకాణం ఉంది. అమ్మడం, బాగుచేయడం, ఈ మధ్య అద్దెకివ్వడం కూడా. ఎడమ పాదం లేని మనిషి సైకిళ్ళ దుకాణం పెట్టడమేమిటని మొదట్లో నవ్వినవాళ్ళున్నారు. జైపూర్ కాలు తొడుక్కుని రోజూ పొద్దున్నే గోదావరి గట్టు దాకా వాడే తొక్కి వస్తాడని తెలిశాక ఆ నవ్వులు ఆగిపోయాయి. పోయిన చలికాలం ఒక సాయంత్రం మా ఇంటికి వచ్చి, చాయ్ తాగి, కిన్వట్ అవతల అడవిలో మన పాత రైలు లైను మీద సైకిళ్ళకు దారి చేశారని చెప్పాడు. ఆదివారం తన దుకాణం నుంచి పది సైకిళ్ళు అక్కడికి పోతున్నాయట, నేనూ రావాలట. నాకు అరవై ఆరేళ్ళు. మోకాళ్ళ సంగతి చెప్పాను, బీపీ సంగతి చెప్పాను, పెద్ద పండితురాలిలా రోడ్డు ప్రమాదాల గురించి కూడా చెప్పాను. వాడు అన్నీ విని, "మెల్లగ పోదాం అక్కా. మనం పెరిగిన జాగ, మనమే పోకుంటె ఎట్ల" అన్నాడు.

నేను ఒప్పుకోవడానికి కారణం వేరే ఉంది. ఆ లైను మీదే, గుట్టను చీల్చి పట్టాలు వేసిన ఒక చోట, వాడి పాదం పోయింది. అప్పుడు వాడికి తొమ్మిదేళ్ళు, నాకు పదమూడు. ఇంజను రావడం చూసినదాన్ని నేను. నోరు తెరిచి వాణ్ణి పిలవాల్సినదాన్ని నేను. పిలవలేదు. ఈ సంగతి మా నాయినకు ఒక్కడికే తెలుసు, ఆయన పోయి చాలా కాలమైంది. నాయిన తర్వాత ఈ బరువును నేనొక్కదాన్నే మోశాను. ప్రతి రాఖీకి నేను దారం కడుతుంటే గంగు ఆ కాలు ముందుకు చాపి, "పాదం పోయింది గని మనిషి మిగిలిండు, అంత నీ దయనే" అనేవాడు. ఇంట్లో అందరూ నవ్వేవాళ్ళు. నేను మాత్రం వాడికి ఏదో తెలిసి పొడుస్తున్నాడని అనుకునేదాన్ని. ఎప్పటికైనా చెప్పాలి, చెప్పి తిట్లు తినాలి, తిని తేలికపడాలి. చెప్పాల్సింది ఆ చోటనే అని నాకెందుకో గట్టిగా అనిపించేది. అందుకని మోకాళ్ళకు తైలం రాసుకుని బయల్దేరాను.

మా నాయినది కుండల్‌వాడి దగ్గరి పల్లె. సేద్యం చేసుకునే ఇల్లే, కానీ అన్నదమ్ములు ఎక్కువ, భూమి తక్కువ. అందుకని ఆయన రైల్వేలో పట్టాలు బాగుచేసే గ్యాంగు పనికి చేరి, తర్వాత కీమాన్ అయ్యాడు. కీమాన్ అంటే తన వాటాకు వచ్చిన పట్టాల వెంట పొద్దున్నే సుత్తి, పానా, రెండు జెండాలు పట్టుకుని నడుస్తూ, పట్టాను పట్టి ఉంచే, కీ అనే ఇనుప చీలలు వదులయ్యాయా అని ఒక్కొక్కటీ చూసుకుంటూ పోయేవాడు. వదులైనదాన్ని సుత్తితో కొడతాడు. అది నిజాం కాలంలో వేసిన చిన్న పట్టాల లైను. ముద్ఖేడ్‌లో పెద్ద లైనును వదిలి అడవి లోపలికి పోయేది. మేముండే గ్యాంగు క్వార్టర్లు నాలుగే నాలుగు ఇళ్ళు, రాతి గోడలు, రేకుల కప్పు, వెనక టేకు చెట్లు. ఎండాకాలం మధ్యాహ్నం పట్టాల కింది దుంగల నుంచి తారు కారి వాసన వచ్చేది. ఆ వాసన, బొగ్గు పొగ, మా అమ్మ కాల్చే జొన్నరొట్టె వాసన, ఈ మూడూ కలిస్తేనే నా చిన్నతనం. ఇప్పుడు ఎక్కడైనా రోడ్డుకు తారు వేస్తుంటే నాకు ఆకలేస్తుంది. మనవరాలికి చెబితే వింతగా చూసింది.

అమ్మను మేము అవ్వ అనేవాళ్ళం. అవ్వకు గడియారం అక్కర్లేదు. పట్టా మీద సుత్తి దెబ్బ చాలా దూరం వినిపిస్తుంది. పొయ్యి ముందు కూర్చునే, నాయిన వాగు మీది వంతెన దాటాడా, గుట్ట దాకా పోయాడా అని చెప్పేది. గుట్ట లోపలికి పోయాడంటే కాసేపు చప్పుడు ఉండదు. అంతసేపూ అవ్వ చేతిలో పిండి ముద్ద అట్లాగే ఉండేది. మళ్ళీ అవతలి నుంచి ఠంగుమని వినబడగానే రొట్టె తట్టడం మొదలుపెట్టేది. నాయిన మాత్రం ఇంట్లో మాట్లాడేదే తక్కువ. అన్నం తినేటప్పుడు ఎవరూ పలకరించకూడదు. పడుకునే ముందు సుత్తిని తుడిచి, మంచం కింద తల వైపు పెట్టుకునేవాడు. ఆయన నవ్వగా నేను చూసింది, పట్టా మీద చెవి పెట్టి బండి ఎంత దూరంలో ఉందో గంగు సరిగ్గా చెప్పినప్పుడు. వాడి చెవి మా అందరికంటే చురుకైనది. ఆ సంగతి నాయిన గ్యాంగులో గొప్పగా చెప్పుకునేవాడు.

ఆ గుట్ట లోపలి దారిని అందరూ కటింగు అనేవాళ్ళు. రెండు వైపులా నల్లరాతి గోడ, పైన చెట్ల కొమ్మలు కలుసుకుని ఉండేవి. దారి వంపు తిరిగి ఉండటం వల్ల ఈ చివర నుంచి ఆ చివర కనబడదు. నిండు ఎండాకాలంలో కూడా లోపల ఒళ్ళు జిల్లుమనేది. మేకలవాళ్ళు మేకల్ని గుట్ట మీదుగా తోలుకుపోయేవాళ్ళు కానీ కటింగులోంచి తోలరు. మేకలే రావని చెప్పేవాళ్ళు. కటింగు మొదట్లో తెల్ల సున్నం కొట్టిన కిలోమీటరు రాయి ఉండేది. గ్యాంగువాళ్ళు ఎవరైనా సరే ఆ రాయిని చేత్తో తాకి లోపలికి పోయేవాళ్ళు. లోపల ఎవరినీ పేరు పెట్టి పిలవకూడదు. మగవాళ్ళందరూ భాయ్, ఆడవాళ్ళందరూ బాయి. మమ్మల్ని మొదటిసారి తీసుకుపోయినప్పుడు అవ్వ మా చేతులు పట్టుకుని రాయి మీద పెట్టించి, "పేర్లు గీడ పెట్టిపోవాలె. మల్ల అచ్చేటప్పుడు తీసుకపోవాలె. లోపల మీకు పేర్లు లెవ్వు" అన్నది. గంగు తన పేరు అక్కడ ఉండగా మేక తినిపోతే ఎట్ల అని అడిగాడు. అవ్వ వాడి నెత్తి మీద ఒకటి వేసింది.

ఎందుకలా అనేది సర్ఖని వైపు నుంచి వచ్చి గ్యాంగులో చేరిన ఒక ముసలాయన చెప్పాడు. గుట్ట తొలిచే రోజుల్లో ఒక వాన పొద్దున కొత్త కూలీలు దిగారట. హాజరు పట్టీలో వాళ్ళ పేర్లు రాసుకోకముందే పనికి దించారు. ఆ పొద్దునే గుట్ట జారింది. ఎంతమంది లోపలున్నారో, ఎవరెవరో, రాసినవాడు లేడు కాబట్టి ఎవరికీ తెలియదు. తవ్వి తీసినవాళ్ళను తీశారు, మిగతా చోట పట్టాలు వేసేశారు. "వాళ్ళకు పేర్లు లెవ్వు బిడ్డా. ఏ పేరు ఇనబడ్డా నాదే అనుకుంటరు. ఇంట్లోళ్ళ గొంతుతోటి పిలుస్తరు. పలుకొద్దు" అన్నాడాయన, చుట్ట ముట్టించుకుంటూ. భయపెట్టాలని చెప్పలేదు. వాగులో ఎక్కడ లోతు ఉంటుందో చెప్పినట్టు చెప్పాడు. అందుకే నేను పూర్తిగా నమ్మాను. బడిలో నేర్పిన లెక్కల కంటే గట్టిగా నమ్మాను.

నాయిన రోజంతా నడిచేవాడు కాబట్టి ఆయన సైకిలు ఇంట్లోనే ఉండేది. సీటు అందక, కడ్డీ కింద నుంచి కాలు దూర్చి కైంచీ తొక్కడం నేర్చుకున్నాను. పట్టాల పక్కన గ్యాంగువాళ్ళ నడకతో జానెడు దారి పడి ఉండేది. ఒక వైపు కంకర, ఇంకో వైపు పల్లం. సెలవు రోజుల్లో నాయిన అన్నం గిన్నె హ్యాండిలుకు తగిలించి, గంగును వెనక కూర్చోబెట్టుకుని ఆ దారి మీద తొక్కేదాన్ని. వాగు దగ్గర మోదుగు పూలు నేలంతా పరుచుకుని ఉండేవి. ఆ అడవి అందం గురించి ఇప్పుడు నాందేడ్ పిల్లలు ఫోన్లలో రాస్తుంటారు. మాకు అది అందమని ఎవరూ చెప్పలేదు. గిన్నెలో పప్పు ఒలికిపోకుండా చూసుకోవడంతోనే సరిపోయేది. కటింగు వచ్చేసరికి దారి సన్నబడిపోతుంది కాబట్టి దిగి, రాయిని తాకి, సైకిలు తోసుకుంటూ పోయేవాళ్ళం. లోపల నేను వాడికి బాయిని, వాడు నాకు భాయ్. వాడికి అది పెద్ద తమాషా.

ఆ రోజు నాయిన కటింగు అవతల గ్యాంగుతో కలిసి అన్నం తిన్నాడు. మేము ఖాళీ గిన్నె తీసుకుని తిరిగి వస్తున్నాం. పొద్దుటి బండి వెళ్ళిపోయింది, సాయంత్రం బండికి ఇంకా చాలా పొద్దుంది. గంగు గోడ పొదల్లో గురివింద గింజలు ఏరుకుంటూ వెనకబడ్డాడు. వాడు వస్తాడులే అని నేను సైకిలు తోసుకుంటూ బయటికి వచ్చి, రాయిని తాకి నిలబడ్డాను. అప్పుడు మా ఇంటి వైపు నుంచి, వెనక ఒక్క డబ్బా కూడా లేని ఒట్టి ఇంజను వస్తూ కనబడింది. దిగుడు కాబట్టి ఆవిరి మూసేసి జారుతూ వస్తోంది, చప్పుడు కూడా పెద్దగా లేదు. అలాంటిది ఎప్పుడో ఒకసారి వచ్చేది, ఏ వేళకో ఎవరికీ తెలిసేది కాదు. వెనక్కి తిరిగి చూస్తే వంపు దగ్గర గంగు పట్టాల నడుమ తల వంచుకుని, దుంగ మీద నుంచి దుంగ మీదికి అడుగులేస్తూ నాకు అర క్షణం కనబడ్డాడు. ఇంజను కూత వేసింది. ఆ కూత కటింగులోకి పోయి నాలుగు వైపుల నుంచీ తిరిగి వచ్చింది. ఎటు నుంచి వస్తోందో లోపలున్నవాడికి తెలిసే వీలు లేదు.

వాడి పేరు నా నాలుక మీదికి వచ్చింది. ఆ రెండు అక్షరాల బరువు నాకు ఇప్పటికీ గుర్తుంది. నోరు మూసుకున్నాను. లోపల పేరు పెట్టి పిలిస్తే వాణ్ణి నా చేత్తో వాళ్ళకు అప్పగించినట్టే అనిపించింది. సైకిలు గంట కొట్టాను. ఆపకుండా కొట్టాను. ఇంజను నా పక్క నుంచి పోయింది, దాని వేడి నా ముఖానికి తగిలింది. తర్వాత బ్రేకులు పట్టిన చప్పుడు చాలాసేపు వచ్చింది.

నాయిన అవతలి నుంచి పరుగెత్తుకు వచ్చాడు. గంగును అదే ఇంజనులో కిన్వట్ తీసుకుపోయారు. అక్కడి నుంచి నాందేడ్ దవాఖానా. ప్రాణం దక్కింది, పాదం దక్కలేదు. మూడో రోజు దవాఖానా వరండాలో నాయిన నన్ను పక్కకు పిలిచి, "లోపల వాన్ని పేరు పెట్టి పిలిచినవా" అని అడిగాడు. లేదన్నాను. నాయిన నా తల మీద చెయ్యి వేశాడు. "మంచిగ చేసినవ్ బిడ్డా" అన్నాడు. నన్ను ఆయన మెచ్చుకున్నది జీవితంలో ఆ ఒక్కసారే. తర్వాత నేను బడులు మారాను, మరాఠీలో చదువుకున్నాను, మరాఠీలోనే ముప్పై ఏళ్ళు పిల్లలకు పాఠాలు చెప్పాను. సైన్సు చెప్పాను, దయ్యాలు లేవని చెప్పాను. తరగతిలో ఎవరినైనా పేరు పెట్టి పిలిచే ప్రతిసారీ ఆ మెచ్చుకోలు నన్ను లోపల తినేది. ఒక్క పిలుపు పిలిచి ఉంటే వాడు గోడకు తప్పుకునేవాడు, రెండు కాళ్ళతో నడిచేవాడు. ఇందులో నాకు సందేహం ఎప్పుడూ లేదు.

ఆదివారం పొద్దున్నే గంగు, నేను రైల్లో కిన్వట్ దిగాం. సైకిళ్ళు ముందే టెంపోలో వచ్చేశాయి. పెద్ద పట్టాల లైను వేసినప్పుడు ఈ వంపు తిరిగిన భాగాన్ని పక్కకు వదిలేసి, దూరంగా నేరుగా వేసుకున్నారు. పాత పట్టాలు, దుంగలు ఎప్పుడో పీకేశారు. మా క్వార్టర్లు ఎక్కడుండేవో నేను టేకు చెట్లను బట్టి పోల్చుకోవాల్సి వచ్చింది. పునాది రాళ్ళు కూడా లేవు. ఇప్పుడక్కడ నీళ్ళ సీసాలు, చిక్కీలు అమ్మే బండి ఉంది. గంగు నాకోసం గేర్లున్న తేలిక సైకిలు తెచ్చాడు. సీటు నాకు సరిగ్గా సరిపోయేట్టు దించి, నా వెనకే నిదానంగా తొక్కాడు. నిజం చెప్పాలంటే దారి బాగుంది. చల్లగా, నీడగా, రాళ్ళు ఏరేసి ఉంది. కానీ కొంత దూరం పోయాక ఒక సంగతి గమనించాను. దుంగలు పీకేసిన చోట నేల ఇంకా పూర్తిగా పూడలేదు. చక్రం సన్నటి గుంటలో దిగి లేస్తోంది, మళ్ళీ దిగి లేస్తోంది, అదే ఎడంలో. మెల్లగా తొక్కితే ఏమీ లేదు. కొంచెం వేగంగా తొక్కితే కాళ్ళ కింద బండి పోతున్నట్టే దడదడలాడుతోంది. వెనక్కి తిరిగి చూశాను. గంగు కూడా నేల వైపే చూస్తున్నాడు. ఆ తర్వాత ఇద్దరమూ మెల్లగానే తొక్కాం.

కటింగు మొదట్లో రాయి లేదు. దాని చోట రంగుల బోర్డు పెట్టారు. ఎకో పాయింట్ అని పెద్ద అక్షరాలు, దాని కింద మరాఠీలో, ఇక్కడ మీ పేరు గట్టిగా పిలిచి చూడండి అని రాసి ఉంది. నేను సైకిలు దిగి ఆ బోర్డును రెండుసార్లు చదివాను. లోపల అప్పటికే కుర్రాళ్ళూ అమ్మాయిలూ ఏడెనిమిది మంది ఉన్నారు. ఒకరి తర్వాత ఒకరు తమ పేర్లు తామే కేకలు వేసుకుంటున్నారు, గుట్ట ఆ పేర్లు తిరిగి ఇస్తోంది, వీళ్ళు నవ్వుతున్నారు. ఎవరో అమ్మాయి నా దగ్గరికి వచ్చి, "ఆజీ, తుమ్చా ఫోటో కాఢూ కా" అని, అమ్మమ్మా మీ ఫోటో తియ్యనా అని మర్యాదగానే అడిగింది. వద్దన్నాను. ఆ అమ్మాయి పోయి తన పేరు మూడుసార్లు పిలిచింది. రెండుసార్లు తిరిగి వచ్చింది. మూడోది రాలేదు. గాలి మారి ఉంటుంది. అది పట్టించుకున్నదాన్ని నేనొక్కదాన్నే, ఆ పిల్ల అప్పటికే సైకిలెక్కి వెళ్ళిపోతోంది.

వాళ్ళందరూ పోయాక కటింగు మునుపటిలా అయింది. పట్టపగలే, తలెత్తితే ఆకుల మధ్య ఎండ కనబడుతూనే ఉంది, అయినా నా చేతుల మీద వెంట్రుకలు లేచాయి. వంపు దగ్గర ఒక రాయి మీద కూర్చున్నాం. గంగు జైపూర్ కాలు పట్టీ వదులు చేసుకుని, సంచిలోంచి చాయ్ ఫ్లాస్కు తీశాడు. ఈ చోటనే అని వాడికీ తెలుసు. నేను ఇంక ఆగలేకపోయాను.

"ఆ దినం నేను నిన్ను పిలువనే లేదు" అన్నాను. పేరు పెట్టలేదు. ఇంత వయసొచ్చినా అక్కడ నా నోట పేరు రాలేదు.

గంగు ఫ్లాస్కు మూత తిప్పుతున్నవాడు ఆగి నవ్వాడు. "పిలువకపోవుడేంది అక్కా. నువ్వు పిలిస్తనే గద నేను బతికింది."

వాడు చెప్పింది ఇది. పట్టాల నడుమ దుంగలు లెక్కబెడుతూ నడుస్తున్నాడు. కూత వినబడింది, కానీ అది ఎటు నుంచో అర్థం కాలేదు, పట్టా మీద చెవి పెట్టి చూద్దామని వంగబోయాడు. అప్పుడు నేను పిలిచాను. గంగూ అని, స్పష్టంగా, దగ్గర నుంచి. గోడ వైపు నుంచి. అక్క ముందుకు పోయింది కదా, అటు ఎట్లా ఉందని అనుకున్నాడు, కానీ కటింగులో శబ్దం తిరుగుతుందని నాయిన చెప్పేవాడు కాబట్టి సరేననుకుని, "ఓ" అంటూ గోడ వైపు రెండడుగులు వేశాడు. మూడో అడుగు పూర్తి కాలేదు, ఆ వెనక పాదమే పోయింది. పిలవకపోతే వంగి పట్టా మీద తల పెట్టి ఉండేవాడు. లోపల పిలవకూడదని తెలిసి కూడా, అవ్వ చెప్పిన మాట కాదని, తనకోసం అక్క పేరు పెట్టి పిలిచింది. ఇన్నేళ్ళూ రాఖీ రోజు వాడు అందుకే ఆ మాట అనేవాడు. నన్ను పొడవలేదు, దండం పెట్టాడు.

ఇక్కడ నేను ఊరుకోవచ్చు. అవును, నేనే పిలిచాను, మరిచిపోయాను అంటే సరిపోయేది. ఆ మాట నాకు తోచింది కూడా. కానీ ఇన్నేళ్ళు మోసి తెచ్చింది దించుకోకుండా పోవడం నా వల్ల కాలేదు. నేను గంట మాత్రమే కొట్టానని చెప్పాను. భయంలో మనిషికి గుర్తుండదు, మరిచిపోయి ఉంటావని వాడు నన్నే ఓదార్చబోయాడు. అప్పుడు దవాఖానా వరండా సంగతి చెప్పాను. నాయిన అడిగింది, నేను లేదన్నది, ఆయన తల మీద చెయ్యి వేసి అన్న మాట. నాయిన పేరు చెప్పాక వాడి ముఖంలో నవ్వు పోయింది. మా ఇంట్లో నాయిన మాటకు ఎదురు మాట లేదు.

వాడు తల తిప్పి గోడ వైపు చూశాడు. పోసిన చాయ్ మూతలోనే చల్లారిపోయింది.

"మరి నేను ఓ అన్న గద అక్కా" అన్నాడు చివరికి.

చిన్నపిల్లవాడివి, అలా అనిపించి ఉంటుంది, చెవికి భ్రమ కలుగుతుంది అని టీచర్లా ఏవో చెప్పాను. వాడి చెవి ఎలాంటిదో నాకంటే బాగా తెలిసినవాళ్ళు ఎవరూ మిగల్లేదు. వాడు కాలు పట్టీ బిగించుకుని లేచాడు. తిరుగు దారిలో నన్ను ముందు పొమ్మన్నాడు. నాలుగు గజాలు పోగానే ఆపి, వద్దు, వెనక రమ్మన్నాడు. అదీ నచ్చలేదు. ఇద్దరం ఆ సన్నటి దారిలో హ్యాండిళ్ళు రాసుకుంటూ పక్కపక్కనే తొక్కాం. వాడు దారి చూడటం లేదు, నన్నే చూస్తున్నాడు. కటింగు దాటి ఎండలోకి వచ్చాక కూడా అంతే.

చిన్నప్పుడు మేము నమ్మినవాటికి హద్దు ఉండేది. కటింగులో ఒక నియమం, బయట ఒక నియమం. బయటికి వచ్చి రాయిని తాకితే అన్నీ ఎప్పటిలాగే అయ్యేవి, అవ్వ రొట్టె పెట్టేది, తినేవాళ్ళం. ఇప్పుడు బోర్డు పెట్టి హద్దు తీసేశారు, మేము కూడా ఏదీ నమ్మని పెద్దవాళ్ళమయ్యాం. నాకు చదువు ఉంది, వాడికి దుకాణం ఉంది, ఇద్దరికీ మనవలున్నారు. అయినా ఆ రోజు నుంచి నాకు నిద్ర బాగా పడుతోంది. ఈ మాట రాయడానికి సిగ్గుగా ఉంది, కానీ పడుతోంది.

పది రోజుల తర్వాత గంగు భార్య విజయ మా ఇంటికి వచ్చింది. కూర్చోకుండానే, "ఏం చెప్పినవ్ వదినా ఆయనకు" అని అడిగింది. వంటింట్లోంచి పిలిస్తే పలకడం లేదట. లేచి వచ్చి, గడపలో నిలబడి, ఆమె ముఖం చూశాకే ఏంది అంటాడట. దుకాణంలో గిరాకీకి వచ్చినవాళ్ళు బయట నుంచి కేకేస్తే జవాబివ్వడట, పనివాణ్ణి పంపి ఎవరో చూసి రమ్మంటాడట. చెవులు పోయాయేమోనని డాక్టరు దగ్గరికి తీసుకుపోయింది. చెవులు పిల్లవాడి చెవుల్లా ఉన్నాయన్నాడట డాక్టరు. విజయకు నేను ఏమీ చెప్పలేదు. చెబితే ఇంకొకరి మీద పెట్టినట్టవుతుంది. నేను దించుకున్న బరువు ఎవరి నెత్తి మీద పడిందో ఆ పూట నాకు తెలిసింది. వాడికి ఇన్నేళ్ళూ ఒక అక్క పిలుపు ఉండేది, దాన్ని పట్టుకుని ఒంటి పాదంతో అంత హాయిగా బతికాడు. దాన్ని నేను వాడి దగ్గర నుంచి తీసేసుకున్నాను.

ఇప్పుడు నేను ఫోన్ చేస్తే గంగు ఎత్తడు. కట్ చేసి, తనే వీడియో కాల్ చేస్తాడు. వాడి ముఖం తెర మీదికి వస్తుంది, కానీ మాట్లాడడు. నేను పేరు పెట్టి పిలుస్తాను. నా పెదవులు కదలడం, మాట రావడం రెండూ కలుస్తున్నాయో లేదో కళ్ళు చిట్లించి చూసుకుంటాడు. చూసుకున్నాక, "ఆ, చెప్పక్కా" అంటాడు. మా ముందు గదిలో వెలుతురు తక్కువ. అందుకని వాడికి ఫోన్ చేసే ముందు వెళ్ళి కిటికీ దగ్గర, నా ముఖం బాగా కనబడేట్టు నిలబడతాను.